మగ్గం గుంటలో మొగలిపువ్వు

ధూపం కోన్లు ఎండలో ఆరకూడదు.
పగులుతాయి. వాసన, వెలిగించకముందే
ఎవరింటికో వెళ్లిపోతుంది.
చీకటి కావాలి, కాస్త గాలి ఆడాలి.
బరంపురంలో అలాంటి చోటు కోసం
నేనెక్కడా వెతకలేదు.
మా ముందుగదిలోనే ఉంది,
మామగారి మగ్గం గుంట.

ముప్పై ఎనిమిదేళ్లు ఆయన కాళ్లు అందులో నడిచాయి
ఎక్కడికీ వెళ్లకుండా.
ఇప్పుడు నాలుగు వెదురు చాటలు,
చాటకి నూట ఇరవై కోన్లు.
మగ్గం అటక మీద ఉంది, ముక్కలుగా,
ఏ ముక్క దేనికో ఆయనకొక్కడికే తెలిసేట్టు.

ఛత్రపురం నుంచి పొద్దుటి బస్సుకి
కుంతలా బెహెరా దిగుతుంది.
తడి గోనెలో మొగలిపొత్తులు,
మోచేతుల దాకా ముళ్లు గీసిన గీతలు.
వాన వెనకబడింది, పువ్వు చిన్నది అని
ఆమె ఒడియాలో అంటుంది.
చిన్నదానికి ధర పెద్దదేమిటని
నేను తెలుగులో అంటాను.
బేరం వేళ్ల మీద తెగుతుంది.
అత్తరు బట్టీవాళ్లు ఏరుకోగా మిగిలినవే నాకు,
ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.
టీ తాగి వెళ్తుంది.

రేకులు నీడన ఆరాలి, దంచాలి, జల్లించాలి.
నరమామిడి బెరడు పొడి లేకపోతే ఏదీ నిలబడదు.
వట్టివేరు, తుంగముస్తెలు, చిటికెడు గుగ్గిలం.
గుగ్గిలం ఎక్కువైతే ఇల్లు గుడైపోతుంది,
ఇంట్లో వాళ్లకి గొంతెత్తే వీలుండదు.
చపాతీ పిండికంటే గట్టిగా, చలిమిడికంటే మెత్తగా కలిపి
తగరపు గరాటులో కూరి
బొటనవేలితో ఒత్తి, తట్టి దించాలి.
ప్రతి కోను అడుగునా నా వేలిముద్ర.
చిట్టచివర కాలేది అదే.

పెట్టె మీద ఏం రాయాలని ప్రెస్సు కుర్రాడు అడిగితే
మనశ్శాంతి అన్నాను.
అందరూ అదే రాయిస్తున్నారట.
మూడు లిపుల్లో వేశాడు.
కింద చిన్నక్షరాల్లో
శివపూజకు వాడరాదు అని నేనే చేర్పించాను.
దొంగసాక్ష్యం చెప్పి శాపం తిన్న పువ్వు కదా మరి.
పైన రాసిన మాటకి
ఇప్పుడు అదే సాక్షి.

మా ఇంటికి శాంతి
ఏ ధూపమూ లేకుండానే వచ్చింది.
ఒక మంగళవారం, సొసైటీవాళ్లు పట్టు లేదన్నాక,
నాడె మధ్యలో ఆగింది.
ఆ రాత్రి ఎవరం నిద్రపోలేదు.
మగ్గం చప్పుడు మీదే పడుకోవడం నేర్చిన నా కూతురు
తెల్లార్లూ ఏడ్చింది.
గోడగడియారం అంత గట్టిగా నడుస్తుందని
అప్పటిదాకా నాకు తెలీదు.

గోపాలపురం హోటలువాళ్లకి అయిదువందలు కావాలి,
గదికొకటి, సముద్రం వైపు కిటికీ దగ్గర.
సముద్రం హోరు చాలదు కాబోలు వాళ్లకి, ఎక్కువేనేమో.
నిన్న మధ్యాహ్నం ఆ హడావుడిలో
కొత్త చాట పట్టుకుని వచ్చేసరికి
కూర్మయ్య మామ గుంట అంచున కూర్చుని ఉన్నారు,
కాళ్లు లోపల, చాటల మధ్య.
పక్కన పాత పళ్లెంలో ఒక కోను కాలుతోంది.
పొగ తిన్నగా, సన్నగా, పోగులు పోగులుగా పైకి.

"పడుగు బాగానే లెగుస్తంది గానమ్మా,
పేకేదే?"

అరవబోయాను.
అప్పుడు చూశాను ఆయన పాదాలు.
ఒకటి కిందికి, ఒకటి పైకి,
ఒకటి కిందికి.
ఆయనకి తెలీదు, కళ్లు పొగ మీదే ఉన్నాయి.
మడమ కింద నా కోన్లు పొడవుతున్నాయి.

పన్నెండు పోయాయి.
చాటలో నూట ఎనిమిది మిగిలాయి.

ఆ పొడి ఎత్తి, నీళ్లు చిలకరించి మళ్లీ కలిపాను.
ఈసారి గరాటు ఆయనకిచ్చాను.
నేతగాడి బొటనవేలు, పక్కన కాయ కాచింది,
ముద్ర సరిగా పడలేదు.
అవి పెట్టెలోకి వెళ్లవు.
ఒకటి ఆరాక సాయంత్రం వెలిగిస్తాం.

హోటలుకి ఇంకా లెక్క తక్కువే.
రేపు కుంతలకి మరో గోనె చెప్పాలి.